ఫిజికల్ ఆంత్రోపాలజీ మొదటి కోర్సు: ప్రైమేట్లను, మానవ పరిణామాన్ని ఎలా చదవాలి

ఫిజికల్ ఆంత్రోపాలజీలో, అంటే మనిషి శరీరాన్నీ పరిణామాన్నీ చదివే శాస్త్రంలో, కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది పేర్ల దగ్గరే. ఆర్డిపిథెకస్ రామిడస్, ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్, పారాంత్రోపస్ బోయిసీ అంటూ పేరు, దేశం, కాలం, మెదడు పరిమాణం రాసుకున్న పట్టికను రాత్రంతా బట్టీ పడతారు. పరీక్ష హాల్లో కూర్చునేసరికి కెన్యాలో దొరికింది ఇథియోపియాకు, ఇథియోపియాలో దొరికింది టాంజానియాకు వెళ్లిపోతుంది. తప్పు జ్ఞాపకశక్తిది కాదు. ఆ ప్రతి పేరు వెనకా ఒక ఎముక ఉంది, ఆ ఎముక మీద శాస్త్రవేత్తలు పోట్లాడుకున్న ఒక ప్రశ్న ఉంది. ప్రశ్న తెలిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది.

ఆంధ్రా యూనివర్సిటీలోనో, తిరుపతి ఎస్వీయూలోనో ఆంత్రోపాలజీ మొదలుపెట్టినవాళ్లకి, సివిల్స్‌కి ఇదే ఆప్షనల్‌గా తీసుకున్నవాళ్లకి, అమెరికాలో సైన్స్ క్రెడిట్ కోసం ఈ కోర్సు ఎంచుకున్న మన పిల్లలకి కూడా పనికొచ్చేలా ఈ మార్గదర్శి రాస్తున్నాను. నేను చెప్పే వరస ఇది: ముందు పరిణామ సూత్రాలు, తర్వాత ఇప్పుడు బతికున్న ప్రైమేట్లు (లీమర్లు, కోతులు, ఏప్‌లు, మనం ఉన్న క్షీరద వర్గం), ఆ తర్వాత ఎముకలు, కాలనిర్ణయం, అప్పుడు శిలాజాలు, ఆఖరున డీఎన్ఏ. సిలబస్ వరస వేరుగా ఉన్నా మీరు చదివే వరస ఇదే ఉంచుకోండి. ముందే శిలాజాల మీద పడితే దేనితో పోల్చాలో తెలియక ఇబ్బంది పడతారు.

మొదటి అడుగు: చెట్టు బొమ్మ చదవడం నేర్చుకోండి

"కోతి నుంచి మనిషి పుట్టాడు" అనే మాట చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. దాన్ని ముందు పక్కన పెట్టాలి. ఈనాటి కోతి గానీ, చింపాంజీ గానీ మన తాత కాదు. మనకీ చింపాంజీకీ ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడు. దాదాపు 60 నుంచి 70 లక్షల ఏళ్ల కిందట ఆ వంశం రెండుగా చీలింది. అక్కడి నుంచి మనం ఎన్నేళ్లు మారుతూ వచ్చామో చింపాంజీ కూడా అన్నేళ్లూ మారుతూనే వచ్చింది.

ఇది అర్థమైందో లేదో చూసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి. చింపాంజీకి దగ్గరి బంధువు గొరిల్లానా, మనిషా? చాలామంది వెంటనే గొరిల్లా అంటారు, ఒంటి నిండా వెంట్రుకలు, అడవిలో బతుకు చూసి. జవాబు మనిషి. గొరిల్లా వంశం ముందే విడిపోయింది, మనిషి, చింపాంజీ వంశాలు ఆ తర్వాత విడిపోయాయి. చెట్టు బొమ్మలో కొమ్మల చివర్లు పక్కపక్కన ఉన్నాయా అన్నది లెక్కలోకి రాదు. రెండు కొమ్మలు వెనక్కి వెళ్లి ఎక్కడ కలుస్తున్నాయన్నదే చూడాలి. ఇది ఒంటబట్టే దాకా ఏ బొమ్మ చూసినా వేలు పెట్టి వెనక్కి నడవండి.

ప్రకృతి వరణం (పరిసరాలకు సరిపోయే లక్షణాలు నిలవడం), ఉత్పరివర్తనం (డీఎన్ఏలో వచ్చే మార్పు), జెనెటిక్ డ్రిఫ్ట్ (కేవలం యాదృచ్ఛికంగా జన్యువులు పెరగడం, తగ్గడం), జీన్ ఫ్లో (ఒక సమూహం జన్యువులు మరోదానిలో కలవడం) అనే నాలుగింటినీ ఒక్కో ఉదాహరణతో సొంత మాటల్లో రాసుకోండి. ఈ దశలో అంతకన్నా లోతు అక్కర్లేదు.

కాలం గురించి ఒక చిట్కా. ఇంగ్లిష్ పుస్తకాలు మిలియన్లలో చెబుతాయి, మన తలలో లెక్క లక్షల్లో నడుస్తుంది. 1 మిలియన్ అంటే 10 లక్షలు కాబట్టి 3.2 మిలియన్ ఏళ్లంటే 32 లక్షల ఏళ్లు. అన్నింటినీ ఇలా లక్షల్లోకి మార్చి ఒక పొడవాటి కాగితం మీద గీత గీసి పెట్టుకోండి. డైనోసార్లు పోయింది 6.6 కోట్ల ఏళ్ల కిందట, ప్రైమేట్లని కచ్చితంగా చెప్పగలిగే శిలాజాలు సుమారు 5.6 కోట్ల ఏళ్ల నుంచి, మన వంశం చీలింది 60–70 లక్షల ఏళ్ల కిందట. గీత మీద మన భాగం ఎంత చిన్నదో కంటికి కనిపించాలి.

రెండో అడుగు: బతికున్న ప్రైమేట్లు

ప్రైమేట్లలో 500కు పైగా జాతులున్నాయి. అన్నీ మీకు అక్కర్లేదు. చెట్టు ఎక్కడెక్కడ చీలిందో తెలిస్తే చాలు. ఈ విషయంలో తెలుగు నేల మీద చదివేవాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే మూడు ముఖ్యమైన రకాలు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

మొదటిది దేవాంగపిల్లి. తూర్పు కనుమల అడవుల్లో రాత్రిపూట తిరిగే, తోక లేని, సన్నని కాళ్ల చిన్న జంతువు. పేరులో పిల్లి ఉన్నా ఇది లోరిస్, ప్రైమేటే. తడి ముక్కు, దువ్వెనలా ముందుకు పొడుచుకొచ్చిన కింది పళ్లు, కాలి రెండో వేలికి మాత్రం చదునైన గోరు బదులు పంజాకుండే లాంటి వాడి గోరు ఉంటాయి. ఈ మూడూ చూస్తే స్ట్రెప్సిరైనీ అని గుర్తుపట్టవచ్చు. మడగాస్కర్ లీమర్లదీ ఇదే శాఖ. మిగతావన్నీ, అంటే టార్సియర్, కోతులు, ఏప్‌లు, మనం హాప్లోరైనీలో ఉంటాం. టార్సియర్‌ని మరిచిపోకండి. చిన్నగా, రాత్రి తిరుగుతూ లోరిస్‌లా కనిపిస్తుంది, కానీ పొడి ముక్కు వల్ల, జన్యువుల వల్ల మన వైపు చేరింది. పరీక్షలో ఇది తరచూ వస్తుంది.

రెండో రకం మన కోతి. దక్షిణాదిలో మాత్రమే ఉండే బోనెట్ మకాక్‌కి తల మీద నడినెత్తి నుంచి విచ్చుకున్న జుట్టు, శరీరం కన్నా పొడవైన తోక ఉంటాయి. ఉత్తరాది రీసస్‌కి తోక పొట్టి, నడుము కింది భాగం ఎర్రటి గోధుమ రంగు. రీసస్ దక్షిణానికి విస్తరిస్తూ బోనెట్ ఉండే చోట్లను ఆక్రమిస్తోంది. మీ ఊళ్లో గుడి గోడ మీద కూర్చున్నది ఏదో ముందు తోక చూసి తేల్చండి.

మూడోది కొండముచ్చు. నల్లటి ముఖం, చాలా పొడవైన తోక. దీన్నీ మకాక్‌నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక పెద్ద పాఠం వస్తుంది. మకాక్‌కి బుగ్గల్లో సంచులు ఉంటాయి, దొరికింది దొరికినట్టు నింపుకుని పక్కకు వెళ్లి తింటుంది. కొండముచ్చుకి బుగ్గ సంచులు లేవు. దాని పొట్ట గదులు గదులుగా ఉండి, ఆకుల్లోని పీచుని సూక్ష్మజీవులతో పులియబెట్టి అరిగించుకుంటుంది. అందుకే గంటల తరబడి ఒకే చెట్టు మీద కూర్చోగలదు. తిండికీ శరీరానికీ ఉన్న ఈ ముడిని ఇక్కడ పట్టుకుంటే, తర్వాత శిలాజాల పళ్లు చూసి ఆహారం ఊహించడం తేలికవుతుంది.

ఏప్ ఏదో, కోతి ఏదో తెలుసుకోవడానికి మొదట తోక చూడండి. గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బోనోబో, మనిషి, ఎవరికీ తోక లేదు. మన దేశంలో మనుషుల్ని మినహాయిస్తే ఏప్ అంటే ఈశాన్యంలో ఉండే హూలాక్ గిబ్బన్ ఒక్కటే. తోక కన్నా నమ్మకమైన గుర్తు దవడ పళ్ల మీద ఉంటుంది. ఆఫ్రికా, ఆసియా కోతుల చర్వణకాల మీద రెండు అడ్డగట్లు ఉంటాయి. ఏప్‌లకి, మనకి కింది చర్వణకాల మీద ఐదు బుడిపెలు, వాటి మధ్య వై ఆకారంలో గాడి. తోక శిలాజంగా దొరకడం అరుదు, పన్ను మాత్రం కోట్ల ఏళ్లు నిలుస్తుంది.

దంత సూత్రం మీ నోటితోనే నేర్చుకోండి. అద్దం ముందు నిలబడి పై దవడలో ఒక సగం లెక్కపెట్టండి: 2 కుంతకాలు, 1 రదనిక, 2 అగ్రచర్వణకాలు, 3 చర్వణకాలు. జ్ఞానదంతాలు వచ్చి ఉంటే మొత్తం 32. ఆఫ్రికా, ఆసియా కోతులకూ, ఏప్‌లకూ ఇదే 2.1.2.3. అమెరికా ఖండపు కోతులకి అగ్రచర్వణకాలు మూడేసి, అంటే 2.1.3.3, మొత్తం 36. ఇక్కడొక మెలిక ఉంది. అదే అమెరికా ఖండానికి చెందిన మార్మోసెట్లకి 2.1.3.2 కాబట్టి వాటికీ 32 పళ్లే. మొత్తం లెక్కతో వర్గీకరిస్తే తప్పు పడుతుంది, ఏ రకం పన్ను ఎన్ని ఉన్నాయో చూడాలి.

మూడో అడుగు: కోతుల్ని రెండు గంటలు పద్ధతిగా చూడండి

సిలబస్‌లో ఉన్నా లేకపోయినా ఈ పని చేయమని గట్టిగా చెబుతాను. గుడి కొండ, యూనివర్సిటీ క్యాంపస్, ఊరి చివర మర్రిచెట్టు, ఎక్కడైనా సరే. పరాయి దేశంలో ఉంటే జూ. హైదరాబాద్ వాళ్లకి నెహ్రూ జూ ఉండనే ఉంది.

ముందు ఇంట్లోనే ఎథోగ్రామ్ తయారు చేసుకోండి, అంటే మీరు నమోదు చేయబోయే ప్రవర్తనల జాబితా. కూర్చోవడం, నడవడం, తినడం, పేలు చూడటం, ఆడటం, తరమడం, పళ్లు చూపడం, పిల్లను మోయడం, మనుషుల చేతిలోది లాక్కోవడం, కనిపించకపోవడం. పది పన్నెండు చాలు. ప్రతిదానికీ ఒక వాక్యం నిర్వచనం రాయాలి, లేదంటే మీరు రాసింది మీ స్నేహితురాలు రాసినదానితో కలవదు.

రెండు పద్ధతులు వాడండి. స్కాన్ పద్ధతిలో పది నిమిషాలకోసారి గుంపు మొత్తం మీద ఎడమ నుంచి కుడికి చూపు తిప్పి, ఆ క్షణంలో ఒక్కో జంతువు ఏం చేస్తోందో ఒక్కో అక్షరంతో రాయాలి. ఫోకల్ పద్ధతిలో ఒక్క జంతువునే ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూస్తూ, ఏది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో సమయంతో రాయాలి. మొదటిది గుంపు సమయాన్ని ఎలా పంచుకుంటుందో చెబుతుంది, రెండోది ఎవరు ఎవరితో ఎలా మెలుగుతున్నారో చెబుతుంది. 1974లో జీన్ ఆల్ట్‌మన్ ఈ పద్ధతుల మంచిచెడ్డలు విడమరిచి రాసిన తర్వాతే ప్రైమేట్ల పరిశీలనలో కంటికి నచ్చింది మాత్రమే రాసే అలవాటు తగ్గింది.

గుంపులో 10 జంతువులు ఉండి మీరు 12 స్కాన్లు చేశారనుకుందాం, 120 నమోదులు. అందులో 30 పేలు చూడటమైతే 25 శాతం. ఈ చిన్న లెక్క రికార్డులో చూపిస్తే అది పరిశీలన అవుతుంది, లేదంటే వ్యాసం అవుతుంది.

నమోదులో "కోపం వచ్చింది", "సిగ్గుపడింది" అని రాయకండి. "నోరు తెరిచి సూటిగా చూసింది, ఎదుటిది పక్కకు తప్పుకుంది" అని రాయండి. రీసస్ కోతి పెదాలు వెనక్కి లాగి పళ్లు చూపితే మనకి బెదిరింపులా కనిపిస్తుంది, నిజానికి అది లొంగుబాటు సంకేతం. నోరు గుండ్రంగా తెరిచి కళ్లలోకి చూడటమే బెదిరింపు. అందుకే మీరు కూడా కళ్లలోకి చూడొద్దు, తిండి పెట్టొద్దు, చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంచుకోవద్దు. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి, ఆలస్యం చేయకండి.

ఈ పని చేశాక పెద్ద పరిశోధనలు వేరేలా అర్థమవుతాయి. జేన్ గూడాల్ 1960లో టాంజానియాలోని గోంబేకి వెళ్లి, చింపాంజీ పుల్లతో చెదపురుగుల్ని బయటికి తీసి తినడం చూసింది. జపాన్‌లోని కోషిమా దీవిలో 1953లో ఇమో అనే చిన్న ఆడ మకాక్ చిలగడదుంపని నీళ్లలో కడగడం మొదలుపెడితే అలవాటు గుంపంతా పాకింది. మన దగ్గర జరిగిన కథ కొండముచ్చులది. 1960ల మొదట్లో కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర యుకిమారు సుగియామా, 1970ల్లో మౌంట్ ఆబూలో సారా హర్డీ, బయటి నుంచి వచ్చిన మగ కొండముచ్చు గుంపుని పట్టుకున్నాక అక్కడి పసికూనల్ని చంపడాన్ని నమోదు చేశారు. హర్డీ వివరణ ప్రకారం, పిల్ల పోతే తల్లి పాలివ్వడం ఆగి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, కొత్త మగదానికి సొంత సంతానం త్వరగా కలుగుతుంది. కాదు, మనుషుల రాపిడి, ఇరుకు వల్ల వచ్చిన వికార ప్రవర్తన అని మరికొందరు వాదించారు. ఏ వాదం నిలవాలంటే ఏ సాక్ష్యం కావాలో మీరే ఒక పేజీ రాయండి. ఉదాహరణకి, చంపిన మగది ఆ పిల్లకి తండ్రి కాకూడదు. అది డీఎన్ఏతో తేల్చగలిగే విషయం. ఈ ఒక్క చర్చ బాగా తెలిస్తే ప్రైమేట్ల ప్రవర్తన మీద ఏ ప్రశ్న వచ్చినా టెన్షన్ ఉండదు.

నాలుగో అడుగు: ఎముక చేతిలోకి తీసుకోండి

నా దృష్టిలో కోర్సు మొత్తానికి గుండెకాయ ఇదే. సగం సమయం దీనికే ఇవ్వండి.

ల్యాబ్‌లో మనిషి పుర్రె, చింపాంజీ పుర్రె నమూనాలు ఉంటే రెండింటినీ తలకిందులు చేసి పక్కపక్కన పెట్టండి. అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం కనిపిస్తుంది, అదే ఫోరామెన్ మాగ్నమ్. అక్కడ వేలు పెట్టండి. మనిషిలో అది అడుగు భాగం మధ్యకి ఉంటుంది. అంగిలి చివరి నుంచి ఎంత దూరమో, తల వెనక అంచు నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలవండి. చింపాంజీలో అది బాగా వెనక్కి జరిగి ఉంటుంది, దానికి తల వెన్నుకి ముందు వైపు వేలాడుతుంది కాబట్టి. మనకి తల వెన్ను మీద నిలబడి ఉంటుంది. ఈ ఒక్క కొలతతో, శరీరం దొరకని పుర్రె కూడా రెండు కాళ్ల మీద నడిచినవాడిదా కాదా అన్నది చర్చకు వస్తుంది.

1924లో దక్షిణాఫ్రికాలో టౌంగ్ దగ్గర సున్నపురాయి గనిలో దొరికిన పసిబిడ్డ పుర్రెని రేమండ్ డార్ట్ చూసి, ఆ రంధ్రం ముందుకు ఉందని గమనించి, 1925లో ఆస్ట్రలోపిథెకస్ ఆఫ్రికానస్ అని పేరు పెట్టాడు. మెదడు ఏప్ అంతే, నిలబడే తీరు మాత్రం మనిషిది అన్నది అతని మాట. చాలా ఏళ్లు పెద్దలెవరూ ఒప్పుకోలేదు. అప్పటి నమ్మకం ప్రకారం ముందు మెదడు పెరగాలి. ఆ నమ్మకానికి అండగా ఇంగ్లండ్‌లో 1912లో బయటపెట్టిన పిల్ట్‌డౌన్ పుర్రె ఉంది. అది మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ కలిపి చేసిన మోసమని 1953లో తేలింది. ముందు నడక, చాలా కాలం తర్వాత మెదడు అన్న క్రమం అలా స్థిరపడింది. ఈ కథ చదివినవాళ్లకి టౌంగ్ ఏ దేశమో, ఏ సంవత్సరమో ప్రత్యేకంగా బట్టీ పట్టాల్సిన పనుండదు.

తర్వాత తుంటి. చింపాంజీ తుంటి ఎముక పొడవుగా, బల్లపరుపుగా వీపు వైపు ఉంటుంది. మనది పొట్టిగా, వెడల్పుగా, పక్కలకి వంగి గిన్నెలా ఉంటుంది. ఎందుకు? ఇప్పుడే లేచి ఒంటికాలి మీద నిలబడి, ఆ కాలి వైపు తుంటి పక్కన చెయ్యి వేసి చూడండి. అక్కడ కండరం బిగుసుకోవడం తెలుస్తుంది. మనం వేసే ప్రతి అడుగులో ఒక క్షణం ఒంటికాలి మీదే ఉంటాం, ఆ క్షణంలో పక్కకి పడకుండా ఆపేది ఆ కండరం. తుంటి పక్కకి తిరగడం వల్లే దానికి ఆ పట్టు దొరికింది. చింపాంజీకి ఆ అమరిక లేదు కాబట్టి రెండు కాళ్ల మీద నడిస్తే అటూ ఇటూ ఊగుతుంది.

తొడ ఎముక మనకి తుంటి నుంచి మోకాలికి లోపలికి వాలుతుంది, అందుకే పాదాలు శరీరం కిందకి వస్తాయి. చింపాంజీలో అది దాదాపు నిటారు. పాదంలో మన బొటనవేలు మిగతా వేళ్లతో వరసలో ఉంటుంది, పాదానికి వంపు ఉంటుంది. చింపాంజీ బొటనవేలు చేతిలోలా పట్టుకోవడానికి విడిగా ఉంటుంది. 44 లక్షల ఏళ్ల నాటి ఆర్డిపిథెకస్‌కి కాలి బొటనవేలు విడిగానే ఉంది, తుంటి పైభాగం మాత్రం నడకకు అనువుగా మారింది. ఒకే శరీరంలో పాతా కొత్తా కలిసి ఉండటం శిలాజాల్లో మామూలు. "ఇది ఏప్, ఇది మనిషి" అని గీత గీయాలనే ఆత్రం తగ్గించుకోండి.

ల్యాబ్‌లో నమూనాలు లేకపోతే స్మిత్‌సోనియన్ సంస్థ వెబ్‌సైట్‌లో పుర్రెల 3డి స్కాన్లు ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లోనే తిప్పి చూడొచ్చు. చూసి వదిలేయకుండా బొమ్మ గీయండి. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. కనుబొమల గట్టు, దవడ ముందుకు పొడుచుకు రావడం, గడ్డం ఉందా లేదా, తల వెనక భాగం గుండ్రమా కోణమా, ఇవి సరిగ్గా పడితే చాలు.

ఐదో అడుగు: ఎన్నేళ్లదో ఎలా తెలిసింది?

శిలాజం వయసు రాసినప్పుడల్లా పక్కన పద్ధతి కూడా రాయండి. తూర్పు ఆఫ్రికాలో అగ్నిపర్వతాల బూడిద పొరలు ఉన్నాయి. బూడిదలోని పొటాషియం–40 నెమ్మదిగా ఆర్గాన్–40గా మారుతుంది, దాని అర్ధాయువు (సగం మారడానికి పట్టే కాలం) 125 కోట్ల ఏళ్లు. శిలాజానికి పైన ఒక బూడిద పొర, కింద ఒకటి ఉంటే వయసు ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. ఇక్కడ లెక్కకట్టేది బూడిద వయసే, ఎముక వయసు కాదు. టాంజానియాలోని లేటోలిలో తడి బూడిద మీద నడిచిన అడుగులు సుమారు 36.6 లక్షల ఏళ్లవి. దక్షిణాఫ్రికా గుహల్లో బూడిద లేదు, అందుకే అక్కడి వయసులపై వాదనలు ఎక్కువ.

కార్బన్–14 అర్ధాయువు 5,730 ఏళ్లు, సుమారు 50,000 ఏళ్లు దాటితే పనికిరాదు. లూసీ (ఇథియోపియాలో దొరికిన ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్ అస్థిపంజరం) వయసు కార్బన్ డేటింగ్‌తో తేల్చారని రాస్తే దిద్దేవాళ్లకి వెంటనే దొరికిపోతారు.

బూడిద పొర ఎలా ఉంటుందో మన నేల మీదే సాక్ష్యం ఉంది. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు ఎగిరిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురంలో మందంగా పేరుకుంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి, వాటి మధ్య పెద్ద తేడా కనిపించలేదని తవ్వినవాళ్లు చెప్పారు. ఆ పనిముట్లు చేసింది ఆధునిక మానవులేనా అన్నది ఇంకా వాదనలోనే ఉంది, ఎముకలు దొరకలేదు కాబట్టి. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో దొరికిన చేతిగొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్లవని శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించింది. భారతదేశ పూర్వచరిత్ర మీద ప్రశ్న వస్తే ఈ రెండూ తప్పక రాయండి.

ఆరో అడుగు: శిలాజానికి ఒక కార్డు

నలభై శిలాజాల పట్టిక వద్దు. పన్నెండు పదమూడు ఎంచుకుని ఒక్కోదానికి ఒక కార్డు రాయండి. నేనైతే టౌంగ్, ఆర్డి (ఆర్డిపిథెకస్ అస్థిపంజరం), లేటోలి అడుగులు, లూసీ, ఓల్డువాయ్‌లో 1959లో మేరీ లీకీకి దొరికిన బోయిసీ పుర్రె, 1964లో పేరు పెట్టిన హోమో హాబిలిస్, 1891లో జావాలో యూజీన్ దుబోయ్ తవ్వించిన హోమో ఎరెక్టస్ పుర్రె, టుర్కానా బాలుడు, జార్జియాలోని ద్మనిసి పుర్రెలు, లా షపెల్ నియాండర్తల్ (మనకి దగ్గరి బంధువైన, అంతరించిపోయిన మానవుడు), ఫ్లోరెస్ దీవి మనిషి, హోమో నలెడి, మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ తీసుకుంటాను.

లూసీ కార్డు ఇలా ఉంటుంది. ఎక్కడ: ఇథియోపియా, హదార్. ఎప్పుడు, ఎవరు: 1974 నవంబర్ 24, డొనాల్డ్ జోహాన్సన్ బృందం. వయసు, పద్ధతి: సుమారు 32 లక్షల ఏళ్లు, బూడిద పొరల ఆర్గాన్ లెక్క. ఏం దొరికింది: ఒకే వ్యక్తి అస్థిపంజరంలో సుమారు 40 శాతం. ఏం కనిపిస్తోంది: పొట్టి వెడల్పు తుంటి, లోపలికి వాలిన తొడ ఎముక, దాదాపు మూడున్నర అడుగుల ఎత్తు, చిన్న మెదడు. దేని మీద వాదన: ఇదే జాతి శిలాజాల్లో వేళ్ల ఎముకలు వంపు తిరిగి ఉన్నాయి, భుజం ఏప్‌ని పోలి ఉంది, మరి నేల మీద నడుస్తూనే చెట్లు కూడా ఎక్కేదా? ఆ చివరి గడి ఖాళీగా ఉంటే కార్డు పూర్తి కానట్టే.

బోయిసీ కార్డులో వాదన గడి మరీ బాగుంటుంది. నెత్తి మీద ఎముక శిఖరం, చాలా పెద్ద చర్వణకాలు చూసి గట్టి గింజలు కొరికేదనుకున్నారు. పంటి ఎనామిల్‌లోని కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు) మాత్రం అది ఎక్కువగా గడ్డి, తుంగ జాతి మొక్కలు తిన్నదని చెప్పాయి. ఆకారం చెప్పేది ఏం తినగలదో, ఐసోటోపు చెప్పేది ఏం తిన్నదో.

మెదడు క్రమంగా పెరిగిందన్న మాట మొత్తం మీద నిజమే. చింపాంజీ 400 సీసీ, ఆస్ట్రలోపిథెకస్ 450 చుట్టుపక్కల, హాబిలిస్ 600, ఎరెక్టస్ 900 అటూఇటూ, మనం 1,350. నియాండర్తల్ సగటు మనకన్నా కాస్త ఎక్కువే. అయితే దీన్ని నిచ్చెనలా ఊహించకుండా ఆపే రెండు కార్డులు ఉంచుకోండి. దక్షిణాఫ్రికాలో రైజింగ్ స్టార్ గుహలో 2013లో దొరికిన నలెడి మెదడు 465 నుంచి 610 సీసీ మాత్రమే, వయసు 2.36 నుంచి 3.35 లక్షల ఏళ్లు. సరిగ్గా ఆ కాలానికే, 3 లక్షల ఏళ్ల కిందట, జెబెల్ ఇర్హూద్‌లో మన జాతి ముఖం కనిపిస్తోంది. ఒకే ఖండంలో ఒకే కాలంలో ఇద్దరూ ఉన్నారు. ఫ్లోరెస్ మనిషి మెదడు కూడా 400 సీసీ పైచిలుకే.

పాత నోట్సుతో చదివేవాళ్లకి రెండు హెచ్చరికలు. శివాలిక్ కొండల్లో దొరికిన రామాపిథెకస్ ఒకప్పుడు మానవ వంశానికి తొలి మెట్టు అనుకున్నారు. శివాపిథెకస్ ముఖం దొరికాక, 1980ల మొదట్లో, అది ఒరాంగుటాన్ వైపుదని తేలింది, రామాపిథెకస్ అందులోనే కలిసిపోయింది. సివిల్స్ రెండో పేపర్ సిలబస్‌లో ఆ పేరు ఇప్పటికీ ఉంది కాబట్టి వదిలేయకండి, ఆ అభిప్రాయం ఎందుకు మారిందో రాయండి. రెండోది, పాత పుస్తకాల్లో హోమినిడ్ అంటే మన వంశం మాత్రమే, ఇప్పుడు అందులో గొప్ప ఏప్‌లన్నీ (ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బోనోబో) ఉన్నాయి, మన వంశానికి హోమినిన్ వాడాలి. నర్మదా లోయలో హథ్నోరా దగ్గర 1982లో అరుణ్ సొనాకియాకి దొరికిన పుర్రె పైభాగం కార్డు కూడా చేర్చండి. అది ఎరెక్టస్సా, తర్వాతి కాలపు మానవుడా అన్న వాదనే దాని ప్రాముఖ్యం.

ఏడో అడుగు: డీఎన్ఏ

ఇది కొద్దిగా చదివితే చాలు, కానీ చదవాలి. 2010లో నియాండర్తల్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) ముసాయిదా వచ్చింది. ఆఫ్రికా బయటి జనాభాలో 1 నుంచి 2 శాతం నియాండర్తల్ డీఎన్ఏ ఉందని దానితో మొదలైన పని తేల్చింది. అదే ఏడాది సైబీరియాలో దెనిసోవా గుహలో దొరికిన వేలి ఎముక ముక్క నుంచి, పుర్రె కూడా చూడకుండానే, మరో మానవ సమూహం బయటపడింది. ఈ పనికి స్వాంతే పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్ హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో, నేటి భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన సమూహాల కలయిక అని చూపించారు. శిలాజాల భాగానికీ మానవ వైవిధ్యం భాగానికీ మధ్య వంతెనగా దీన్ని రాసుకోండి.

పరీక్ష, ప్రాక్టికల్, వైవా

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు సాంకేతిక పదాలు అలాగే ఉంచి, వివరణ తెలుగులో పైకి చెప్పుకోండి. తెలుగులో ఆగకుండా చెప్పగలిగితే ఇంగ్లిష్‌లో రాయడం ఆ తర్వాతి పని. తెలుగులోనే చెప్పలేకపోతే విషయం ఇంకా రాలేదని అర్థం, మళ్లీ ఎముక దగ్గరికి వెళ్లండి.

రెండు కాళ్ల నడక మీద ప్రశ్న వస్తే తల నుంచి పాదం దాకా దిగుతూ రాయండి: రంధ్రం, వెన్ను వంపులు, తుంటి, తొడ, మోకాలు, పాదం. ప్రతి ఎముకకీ మూడు విషయాలు రావాలి, చింపాంజీలో ఎలా ఉంది, మనలో ఎలా ఉంది, ఆ మార్పు చూపే శిలాజం ఏది. పక్కన రెండు తుంటి బొమ్మలు వేయండి. అలాంటి జవాబు రెండు పేజీలే ఉన్నా మంచి మార్కులు పడతాయి.

స్పాటర్లకి (ఎదురుగా పెట్టిన నమూనాని గుర్తుపట్టే ప్రాక్టికల్ పరీక్షకి) వెళ్లేటప్పుడు పుర్రె చూడగానే పేరు ఊహించకండి. మొదట ఫోరామెన్ మాగ్నమ్, తర్వాత కోరపన్ను పరిమాణం, పళ్ల వరస ఆకారం, కనుబొమల గట్టు, తల వెనక భాగం, గడ్డం. ఈ వరసలో చూసి, కనిపించిన లక్షణాలు ముందు రాసి, పేరు ఆఖరున రాయండి. పేరు తప్పినా లక్షణాలకి మార్కులు వస్తాయి. వైవాలో కూడా అంతే, "హోమో ఎరెక్టస్ అనుకుంటున్నాను, ఎందుకంటే గట్టు అడ్డంగా మందంగా ఉంది, పుర్రె పొడవుగా, తక్కువ ఎత్తులో ఉంది, వెనక కోణం ఉంది" అని చెప్పండి. అడిగేవాళ్లు తర్వాతి ప్రశ్న ఆ కోణం మీదే వేస్తారు, దానికి మీ దగ్గర జవాబు ఉంటుంది.